అమ్మ ఒక్కతే ఉంటోంది... ఇంట్లో ఏం పెట్టించాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళకు సెన్సర్లు, వాచీలు, మెడలో బటన్లు, మాట్లాడే స్పీకర్లు ఎంతవరకు పనికొస్తాయి అని. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు మళ్ళీ తమ పనులు తాము చేసుకునేలా ఇంటినీ అలవాట్లనూ సర్దిపెట్టడం నా పని. ఈ పరికరాలు ఇళ్ళలో ఎలా నడుస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో రోజూ చూస్తుంటాను. చూసిందే చెప్తాను.

ప్రశ్న: నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. 78 ఏళ్ళు. మా దగ్గరికి రమ్మంటే రానంటోంది. హాల్లో, వంటింట్లో, పడకగదిలో కెమెరాలు పెట్టిస్తానంటే ఏడ్చేసింది. ఫోన్ ఎత్తడం పది నిమిషాలు ఆలస్యమైతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఆమెకు ఎలా నచ్చజెప్పాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: నచ్చజెప్పే ప్రయత్నం మానేయండమ్మా. ఆమె ఏడుపులో న్యాయముంది. చీర మార్చుకునే గదిలో, కూర్చుని తనలో తాను మాట్లాడుకునే చోట, ఎవరో చూస్తున్నారని తెలిస్తే అది ఇక తన ఇల్లు అనిపించదు. మీ భయం కూడా నిజమే. కాకపోతే ఆ భయం తీరడానికి మీకు ఆమె బొమ్మ కనబడనక్కర్లేదు. లేచింది, తిరుగుతోంది, బాగానే ఉంది అన్న కబురు చేరితే చాలు.

ఈ సంగతి జపాన్ వాళ్ళు చాలా ముందే పట్టుకున్నారు. 2001లో అక్కడి జోజిరుషి కంపెనీ ఐ-పాట్ అని నీళ్ళు కాచే ఎలక్ట్రిక్ పాత్ర ఒకటి తెచ్చింది. ఒంటరిగా ఉన్న పెద్దావిడ టీకి వేణ్ణీళ్ళు పట్టుకున్నప్పుడల్లా అది గుర్తుపెట్టుకుని, ఎక్కడో ఉన్న పిల్లలకు ఈమెయిల్‌లో చెప్పేది. ఆవిడ కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, రోజూ చేసే పనే. కెమెరా లేదు, మైకు లేదు. నాకు తెలిసిన పరికరాలన్నిటిలో పెద్దవాళ్ళ గౌరవం ఎరిగి తయారుచేసింది అదేననిపిస్తుంది.

ఇప్పుడు అదే పని చేసే చిన్న సెన్సర్లు దొరుకుతున్నాయి. తలుపుకి పెట్టేది అగ్గిపెట్టంత ఉంటుంది. రెండు ముక్కలు: ఒకటి తలుపుకి, ఒకటి చట్రానికి. ఒక దాంట్లో అయస్కాంతం ఉంటుంది. తలుపు తీస్తే రెండూ దూరమై కబురు వెళ్తుంది. ఫ్రిజ్ తలుపుకి ఒకటి, బాత్రూమ్ తలుపుకి ఒకటి పెడితే రోజు ఎలా గడుస్తోందో చాలావరకు తెలిసిపోతుంది. రెండో రకం కదలికను పట్టేది. ఒంటి వేడి ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరగడాన్ని అది గుర్తిస్తుంది. బొమ్మ తీయదు. దాన్ని గదికీ బాత్రూమ్‌కీ మధ్య నడవాలో నడుం ఎత్తున పెట్టించండి. కిటికీ ఎండ నేరుగా పడకూడదు. ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి, లేకపోతే పిల్లి తిరుగుతుంటే అమ్మ తిరుగుతోందని మీరు నిశ్చింతగా ఉంటారు.

పెట్టిన రోజే అలారాలు ఆన్ చేయకండి. రెండు వారాలు ఊరికే నమోదు కానివ్వండి. తర్వాత అమ్మ పక్కన కూర్చుని, "రోజూ ఎన్నింటికి లేస్తావు, మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటావు, స్నానానికి ఎంతసేపు పడుతుంది" అని అడిగి ఆమె చెప్పిన లెక్క ప్రకారం పెట్టండి. ఉదాహరణకి, ఉదయం 9 దాటినా ఎక్కడా కదలిక లేకపోతే మీకు మెసేజ్. బాత్రూమ్‌లోకి వెళ్ళి 40 నిమిషాలైనా బయటికి రాకపోతే ఇంకోటి. ఈ రెండూ చాలు మొదట్లో. ప్రతి కదలికకూ ఫోన్ మోగేలా పెట్టుకున్నవాళ్ళు నెల తిరక్కుండా ఆ మోతకు అలవాటుపడిపోయి, చూడటమే మానేస్తారు.

ఇక ముఖ్యమైన మాట. ఉదయం 9 గంటల 5 నిమిషాలకు మెసేజ్ వచ్చింది. అమ్మ ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు ఆ ఇంటి తలుపు తట్టేది ఎవరు? మీరు ఏ పరికరమూ కొనకముందే ఒక కాగితం మీద ముగ్గురి పేర్లు రాయండి. నడిచి రాగలిగే దూరంలో ఉండాలి, అడిగితే ఒప్పుకుని ఉండాలి, కనీసం ఇద్దరి దగ్గర తాళంచెవి ఉండాలి. ఆ కాగితం మీద పేర్లు లేకపోతే ముందు మనుషులను వెతుక్కోండి, సెన్సర్ల సంగతి తర్వాత. పెద్ద ప్యాకేజీ బిగించిన ఇళ్ళలో నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. తలలు తిప్పి ఒకరినొకరు చూసుకుంటారు.

ఇంకో సంగతి. రాత్రి బాత్రూమ్‌కి రోజూ ఒకసారి వెళ్ళే మనిషి వరసగా నాలుగైదుసార్లు వెళ్తోందని సెన్సర్ చూపిస్తే, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, షుగర్ పెరిగి ఉండవచ్చు, నీరు తగ్గించే బిళ్ళ సాయంత్రం పూట వేసుకుంటూ ఉండవచ్చు. డాక్టరుకి చెప్పాల్సిన విషయమే. కానీ పొద్దున్నే ఫోన్ చేసి "రాత్రి ఐదుసార్లు లేచావేం?" అని అడిగారో, ఆ మధ్యాహ్నానికల్లా ఆ సెన్సర్ ఊడొచ్చేస్తుంది. మీరు చూసే వివరాలన్నీ ఆమె ఫోన్‌లోనూ కనబడేలా పెట్టండి. ఆ లెక్క ఆమెది. వద్దనుకున్న రోజు ఎలా ఆపాలో కూడా ఆమెకే నేర్పండి.

కెమెరా ఒక్కటి మాత్రం అడిగి చూడండి. వీధి తలుపు బయట, కాలింగ్ బెల్‌తో పాటు ఉండేది. వచ్చినవాళ్ళు ఎవరో తలుపు తీయకుండా ఆమె చూసుకోవచ్చు. అది ఆమెకు పనికొచ్చే కెమెరా.

ప్రశ్న: మా నాన్నగారికి 81. బాత్రూమ్‌లో ఒకసారి జారిపడ్డారు. ఎముకలు విరగలేదు గానీ మేం వెళ్ళేవరకు అలాగే ఉండిపోయారు. మెడలో వేసుకుని ఆపదలో నొక్కే బటన్ కొన్నాం. అది గోడ మేకుకి వేలాడుతోంది! పడిపోతే తనంతట తనే గుర్తించే వాచీ కొనమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: ఆ మేకు నాకు బాగా తెలుసు. చాలా ఇళ్ళలో చూశాను. ఈ బటన్లు 1970ల మొదట్లోనే జర్మనీలోనూ, కాస్త అటూ ఇటూగా అమెరికాలోనూ మొదలయ్యాయి. ఇన్నేళ్ళయినా అసలు చిక్కు అలాగే ఉంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కేంబ్రిడ్జ్ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. 90 దాటినవాళ్ళు పడిపోయినప్పుడు ఏం జరిగిందో ఏడాది పాటు గమనించారు. చాలాసేపు నేలమీద ఉండిపోయిన సందర్భాల్లో చాలావాటిలో పిలిచే సాధనం ఉండి కూడా వాడలేదని తేలింది.

ఎందుకు వాడరు? స్నానానికి వెళ్తూ తీసి పక్కన పెడతారు, పడేదేమో అక్కడే. లేదా, కాస్త ఆగితే నేనే లేస్తానులే అనుకుంటారు. ఇంత రాత్రివేళ పిల్లలను లేపడమెందుకని ఊరుకుంటారు. నొక్కితే అంబులెన్స్ వచ్చి ఆస్పత్రికి తీసుకుపోతుందని, అటు నుంచి అటే వృద్ధాశ్రమానికి పంపేస్తారని భయపడతారు. ఈ చివరి భయం పైకి చెప్పరు. మీరే తీయాలి ఆ మాట. "నొక్కితే ముందు నేను మాట్లాడతాను నాన్నా, నిన్ను అడక్కుండా ఏమీ చేయను" అని చెప్పండి, చెప్పినట్టే ఉండండి. ఆయన చేతే ఒకసారి నొక్కించండి. అవతలివైపు ఎవరి గొంతు వస్తుందో, ఏం అడుగుతారో ఆయన వినాలి. ఆ తర్వాత నెలకోసారి నొక్కి చూడటం అలవాటు చేయండి.

పరికరం మీద ఐపీ67 అని ఉందో లేదో చూడండి. ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం, స్నానంలో తీయక్కర్లేదు. మెడలో వేసుకోవడం ఆయనకు నామోషీగా ఉంటే మణికట్టుకు కట్టుకునే రకం ఇవ్వండి.

వాచీ సంగతి. యాపిల్ వాచ్‌లో 2018 నుంచి పడిపోతే గుర్తించే ఏర్పాటు ఉంది, తర్వాత వేరే కంపెనీలవీ వచ్చాయి. లోపలి సెన్సర్లు వేగం ఒక్కసారిగా మారడాన్నీ, చెయ్యి తిరిగిన తీరునూ, నేలకు తగిలిన దెబ్బనూ కలిపి చూస్తాయి. గట్టిగా పడ్డారనిపిస్తే చేతిని తట్టి అడుగుతుంది. నిమిషం పాటు మనిషిలో కదలిక లేకపోతే తనే అత్యవసర నంబరుకు కాల్ చేస్తుంది. సెట్ చేసేటప్పుడు వయసు 55 దాటినట్టు నమోదై ఉంటే ఈ ఏర్పాటు దానంతటదే ఆన్ అవుతుంది. అయినా ఓసారి చూసుకోండి. మంచిదే, కొనవచ్చు. కానీ పెద్దవాళ్ళు అందరూ ధడేల్మని పడరు. కుర్చీ అంచు నుంచి మెల్లగా జారతారు, గోడకు ఆనుకుని కిందికి దిగిపోతారు. అలాంటివి వాచీకి అందకపోవచ్చు. పైగా దాదాపు రోజూ చార్జింగ్ పెట్టాలి. మనవాళ్ళు రాత్రి తీసి పెడతారు, చీకట్లో బాత్రూమ్‌కి లేచేది అప్పుడే. కాబట్టి చార్జింగ్ సాయంత్రం టీవీ ముందు కూర్చున్నప్పుడు పెట్టి, పడుకునే ముందు కట్టుకోమనండి.

వాచీ వద్దంటే బాత్రూమ్ గోడకు పెట్టే రాడార్ సెన్సర్లున్నాయి. రేడియో తరంగాలతో మనిషి నిలబడి ఉన్నాడా, నేలమీద ఉన్నాడా అని గుర్తిస్తాయి. ఫొటో ఉండదు, ఒంటిమీద ఏమీ పెట్టుకోనక్కర్లేదు.

ఇవన్నీ పడ్డాక అక్కరకొచ్చేవి. పడకుండా చూసుకోవడం ఇంకా పెద్ద పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పడిపోవడం వల్ల ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారు, వాళ్ళలో 60 దాటినవాళ్ళే ఎక్కువ. మనిషి మంచం దిగగానే తనే వెలిగే చిన్న లైటు మంచం కింద ఒకటి, దారిలో ఒకటి పెట్టండి. బాత్రూమ్‌లో గ్రాబ్ బార్, అంటే పట్టుకుని నిలబడే గట్టి కడ్డీ, బిగించండి. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువు ఆపదు, దాన్ని పట్టుకునే చాలామంది పడతారు.

ఇక పడ్డాక గంటకు మించి నేలమీదే ఉండిపోతే కండరాలు నలిగి కిడ్నీల మీద ఒత్తిడి పడుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, చర్మం ఒరుసుకుని పుండ్లు పడతాయి. అందుకే నేను ఏ ఇంటికి వెళ్ళినా నేలమీద పడుకుని చెయ్యి చాపి చూస్తాను. ఫోన్ అందుతుందా? సాయం కోసం లాగే పిలుపు తాడు ఉంటే, అది అందుతుందా? చాలా ఇళ్ళలో ఆ తాడు అందంగా లేదని పైకి చుట్టి కట్టేస్తారు. విప్పేయండి. అది నేలకు జానెడు ఎత్తులోకి వేలాడాలి. ఒంట్లో బాగున్న రోజున నాన్నగారికి నేలమీది నుంచి లేవడం నేర్పించండి: ముందు ఒక పక్కకు తిరగడం, మోచేతి మీద లేవడం, మోకాళ్ళూ చేతుల మీదికి రావడం, కదలని కుర్చీ దాకా పాకి వెళ్ళి దాని మీద చేతులు ఆన్చి, బలమున్న కాలిని ముందుకు పెట్టి లేవడం. తుంటిలో గానీ మెడలో గానీ నొప్పి ఉంటే ఆ ప్రయత్నం చేయకుండా పిలవాలని కూడా చెప్పండి. ఫిజియోథెరపిస్టు ఒకరు పక్కనుండి నేర్పిస్తే మేలు.

ప్రశ్న: మా అత్తగారు వేసుకున్న మాత్రలే మళ్ళీ వేసుకుంటున్నారు. వేళకు మోగి, ఆ పూట మాత్రలు మాత్రమే ఇచ్చే పెట్టె వచ్చిందట. పనికొస్తుందా?
– ఒక కోడలు

జవాబు: మీరు చెప్పిన చిక్కుకు సరిగ్గా పనికొస్తుంది, తాళం ఉన్న రకం అయితే. ఒక పూటవి ఇచ్చాక తర్వాతి వేళ వరకు తెరుచుకోదు. తీయకపోతే మీ ఫోన్‌కి చెప్తుంది. అయితే పెట్టెకు తెలిసేది మాత్రలు బయటికి వచ్చాయని మాత్రమే, మింగారో లేదో దానికి తెలియదు. మొదటి వారం మీరు పక్కనుండి చూడండి.

అన్ని మందులూ అందులో వేయకూడదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిసరిన్ మాత్రలు వాటి గాజు సీసాలోనే ఉండాలి, అదీ చేతికి అందేలా. నొప్పి వస్తేనో, నిద్ర పట్టకపోతేనో వేసుకునేవి కూడా అందులో వద్దు. వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ లాంటివి పొరపాటున పెట్టెలోని రోజువారీ అరల్లో పడితే ప్రాణానికే ముప్పు, నింపేది ఒకరైతే సరిచూసేది ఇంకొకరుండాలి. అన్నిటికంటే ముందు మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఏవి ఆపవచ్చు, ఏవి ఒకే పూటకు మార్చవచ్చు అని అడగండి.

ప్రశ్న: అమ్మా, నాకు 76. ఒక్కడినే ఉంటాను, ఓపిక ఉంది. మా అబ్బాయి స్మార్ట్ ఫోనూ, మాట్లాడే స్పీకరూ పంపాడు. ఫోన్ మీద నేను వేలు పెడితే ఒకటి నొక్కితే ఒకటి వస్తుంది. మనవలు నొక్కితే బాగానే ఉంటుంది. స్పీకరు నా మాట సగం వినదు. మనం మాట్లాడుకునేవన్నీ అది వింటుందని కూడా అంటున్నారు. ఈ వయసులో ఇవి నాకు వచ్చేవేనా?
– ఒక పెద్దాయన

జవాబు: తప్పకుండా వస్తాయి బాబాయి గారూ. లోపం మీలో లేదు. ఆ తెర వేలిలో ఉండే కొద్దిపాటి విద్యుత్ ప్రభావాన్ని పసిగట్టి పనిచేస్తుంది. వయసుతో చర్మం పొడిబారితే దానికి స్పర్శ సరిగా ఆనదు. అది ఆనలేదని మనం ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త ఎక్కువసేపు నొక్కుతాం. అలా ఆగి నొక్కడానికి ఫోన్ భాషలో వేరే అర్థం ఉంది, అందుకే అడగని మెనూ ఏదో తెరుచుకుంటుంది. వేళ్ళకు కాస్త క్రీము రాసి, అది ఇంకాక ముట్టుకుని చూడండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది. అక్కడ ఎంతసేపు నొక్కితే "ఆగి నొక్కినట్టు" లెక్కో ఆ సమయం పెంచుకోవచ్చు. మనవడితో ఈ ఒక్క పని చేయించుకోండి, తేడా ఆ రోజే తెలుస్తుంది. ఐఫోన్ అయితే 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి అసిస్టివ్ యాక్సెస్ అని ఉంది. తెరమీద నాలుగైదు పెద్ద బొమ్మలే ఉంటాయి, అబ్బాయి ఫొటో ముట్టుకుంటే అబ్బాయికి కాల్ వెళ్తుంది. శామ్‌సంగ్‌లో ఈజీ మోడ్ ఉంది.

స్పీకరుతో మాట్లాడేటప్పుడు ముందు దాని పేరు పిలవండి, లైటు వెలిగాక అడగాల్సింది ఒకే ఊపిరిలో అడగండి. మధ్యలో ఆగితే మాట అయిపోయిందనుకుంటుంది. టీవీ పక్కన పెట్టవద్దు. అది ఎప్పుడూ తన పేరు కోసం చెవి పెట్టుకుని ఉంటుంది, పేరు విన్నాక మాట్లాడిన మాట కంపెనీ కంప్యూటర్లకు వెళ్తుంది. ఒక్కోసారి ఏదో మాటను తన పేరనుకుని పొరపడుతుంది కూడా. దాని మీద మైకు ఆపే బటన్ ఉంటుంది, నొక్కితే చాలావాటిలో ఎర్రలైటు వెలుగుతుంది. ఎవరైనా వచ్చి సొంత విషయాలు మాట్లాడుకునేటప్పుడు నొక్కేయండి. మీరు ఫోన్ ఎత్తకుండానే అబ్బాయి నేరుగా మీ గదిలోకి మాట్లాడే ఏర్పాటు కొన్నిటిలో ఉంది. అది ఉండాలా వద్దా, ఏ వేళల్లో ఉండాలి అన్నది మీ ఇష్టం. మొహమాటపడకుండా అబ్బాయికి చెప్పండి.

ఆపదలో ఆ స్పీకరు అంబులెన్స్‌ను పిలుస్తుందని మాత్రం నమ్మి ఉండవద్దు. చాలావాటికి నేరుగా ఆ వీలుండదు. "అబ్బాయికి ఫోన్ చెయ్" అంటే వెళ్తుందా అని ఇవాళే పరీక్షించండి, నేలమీద కూర్చుని కూడా అరిచి చూడండి. ఇంకొక్కటి. "మీ ఫోన్‌లో తప్పుంది, ఈ యాప్ వేసుకోండి, తెర మాకు కనబడేలా చేయండి" అని ఎవరు ఫోన్ చేసినా, ఎంత మర్యాదగా మాట్లాడినా పెట్టేయండి. మీ నంబరుకు వచ్చే ఓటీపీ కొడుక్కి చెప్పాల్సి వచ్చినా, మీరే అతని పాత నంబరుకు ఫోన్ చేసి చెప్పండి.

ప్రశ్న: మావారికి మతిమరుపు జబ్బు మొదలై రెండేళ్ళయింది. రాత్రిళ్ళు తలుపు తీసుకుని వెళ్ళిపోతున్నారు. స్టవ్ వెలిగించి మర్చిపోతున్నారు. నాకు 72. పిల్లలు జీపీఎస్ కొనిపెడతామంటున్నారు. అది ఉంటే నేను నిద్రపోవచ్చా?
– ఒక ఇల్లాలు

జవాబు: అక్కా, మీ ఉత్తరంలో ఆ చివరి వాక్యం చదివి చాలాసేపు ఆగిపోయాను. మీరు నిద్రపోవడమే ఈ జవాబులో మొదటి పని.

జీపీఎస్ కంటే ముందు తలుపుకి సెన్సర్ పెట్టించండి. అది మోగాల్సింది మీ మంచం పక్కన. దూరాన ఉన్న పిల్లల ఫోన్‌కి వెళ్తే వాళ్ళు లేచి మీకు చేసేసరికి ఆయన వీధి దాటిపోతారు. మోత ఆయనను బెదిరించేలా వద్దు, మెత్తటి గంట చాలు. బయట తాళం వేసి ఆయనను లోపల ఉంచవద్దు. మంటలొస్తే బయటపడే దారి ఉండదు.

జీపీఎస్ ఉపగ్రహాల సంకేతం మీద నడుస్తుంది, దానికి ఆకాశం కనబడాలి. భవనం లోపల ఉంటే చుట్టుపక్కల వైఫై, సెల్ టవర్లను బట్టి అంచనా వేస్తుంది, ఆ చుక్క అసలు చోటికి చాలా దూరంలో కనబడవచ్చు. మ్యాప్‌లో మనం పెట్టిన హద్దు దాటితే చెప్పే ఏర్పాటు కూడా కొన్ని నిమిషాలు ఆలస్యం కావచ్చు. అయినా ఉండటం మేలే. ఆయన ఏది లేకుండా గడప దాటరో దానిలో పెట్టండి. చెప్పులా, బెల్టా, పర్సా అన్నది మీకే తెలుస్తుంది. తాళాలకు తగిలించే చిన్న ట్యాగులు వేరు, వాటిలో జీపీఎస్ ఉండదు. దగ్గరగా వెళ్ళే వేరేవాళ్ళ ఫోన్లు పట్టుకుంటేనే వాటి జాడ తెలుస్తుంది. మనుషులు లేని చోట అవి మూగబోతాయి.

స్టవ్‌కి కాసేపు ఎవరూ దగ్గర లేకపోతే తనే ఆపేసే పరికరాలున్నాయి. ఇండక్షన్ స్టవ్ అయితే గిన్నె తీయగానే వేడి ఆగిపోతుంది. రాత్రిపూట గ్యాస్ అసలు వాల్వ్ కట్టేయడం ఏ యంత్రం లేకుండా అయ్యే పని. ఇల్లంతా వినబడే పొగ అలారం తప్పనిసరి.

ఆయనకు ఇంకా అర్థం చేసుకునే ఓపిక ఉన్న పూట చూసి ఆయననే అడగండి. "మీరు దారి తప్పితే నేను వెతుక్కోవాలి, ఇది పెట్టుకుంటారా" అని. ఇప్పుడు అడిగితే ఆయన అవుననో కాదనో అనగలరు. ఇంకో ఏడాదికి ఆ అవకాశం ఉండకపోవచ్చు. ఈ మధ్య తీసిన ఫొటో ఒకటి మీ ఫోన్‌లో, పిల్లల ఫోన్లలో ఉంచండి. కనబడలేదంటే చుట్టుపక్కల వెతుకుతూనే వెంటనే పోలీసులకు చెప్పండి, చూద్దాం చూద్దాం అని గంటలు గడపవద్దు. వారంలో కనీసం రెండు రాత్రులు ఆ గంట వినే బాధ్యత వేరే ఎవరైనా తీసుకోవాలి. పరికరం కొనిపెడతామన్న పిల్లలనే ఆ రాత్రులు పంచుకోమని అడగండి.

ప్రశ్న: మా అమ్మకు పేస్‌మేకర్ ఉంది. గుండె గీతలు చూపించే వాచీ పెట్టవచ్చా? సూది లేకుండా షుగర్ చెప్పే వాచీ కూడా ఉందంటున్నారు.
– ఒక పాఠకుడు

జవాబు: షుగర్ వాచీ వద్దు. చర్మాన్ని గుచ్చకుండా షుగర్ కొలుస్తామని చెప్పే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రమాదం. చేతికి చిన్న సెన్సర్ గుచ్చి ఉంచి ఫోన్‌కి అంకెలు పంపేవి వేరు, అవి అసలైనవే.

గుండె గీతల వాచీ లయ తప్పడాన్ని, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను సూచించగలదు. గుండెపోటును గుర్తించలేదు. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు వాచీ బాగుందంటోందని ఆగవద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఫోన్లనూ వాచీలనూ దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచుకోవాలి. చేతికి కట్టుకోవచ్చు, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని పడుకునే అలవాటుంటే తీసేయాలి. అయస్కాంతంతో మూసుకునే మెడ లాకెట్ బటన్లు వద్దు. పై ప్రశ్నలో చెప్పిన ఇండక్షన్ స్టవ్ విషయం కూడా ఆమె గుండె డాక్టర్ని అడిగే వాడండి.

ప్రశ్న: కరెంటు పోతే, నెట్ పోతే ఇవన్నీ ఏమవుతాయి?
– చాలామంది

జవాబు: చాలావరకు ఆగిపోతాయి. బ్రిటన్‌లో పాత ల్యాండ్‌లైన్ వ్యవస్థను 2027 జనవరికల్లా ఆపేసి ఫోన్లను ఇంటర్నెట్ మీదికి మారుస్తున్నారు. మారిన కొన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళు బటన్ నొక్కినా కాల్ వెళ్ళలేదు. దాంతో 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం ఫోన్ కంపెనీల చేత మాట తీసుకుని, జనం కోరకుండా మార్చడాన్ని కొంతకాలం ఆపించింది. అమెరికాలో 2022లో పెద్ద కంపెనీలు 3జీ ఆపేసినప్పుడు దాని మీద నడిచే పాత బటన్లు కూడా పనిచేయకుండా పోయాయి. కాబట్టి కొనేముందు అడగాల్సినవి: ఇది ఏ నెట్‌వర్క్ మీద నడుస్తుంది, వైఫై పోతే సిమ్ మీదికి మారుతుందా, లోపల బ్యాటరీ ఎన్ని గంటలు ఉంటుంది, సంబంధం తెగితే మాకు తెలుస్తుందా. చివరిది చాలా ముఖ్యం. పనిచేయని పరికరం మౌనంగా ఉంటే అంతా బాగుందనే అనుకుంటాం.

రౌటరుకు చిన్న యూపీఎస్ పెట్టించండి. ఖాతా పెద్దవాళ్ళ పేరుమీదే తెరవండి, పాస్‌వర్డ్ వేరే ఎక్కడా వాడనిది పెట్టి డైరీలో రాసి ఉంచండి. ఏడాదికోసారి సెన్సర్లలో బ్యాటరీలు మార్చే తేదీని కూడా అందులోనే రాయండి. బిగించినవాళ్ళు వెళ్ళిపోకముందే వాళ్ళ ఎదుట మెయిన్ స్విచ్ ఆపి, పది నిమిషాలు ఆగి, అమ్మగారి చేతో నాన్నగారి చేతో బటన్ నొక్కించండి. ఎవరూ ఎత్తకపోతే డబ్బు చెల్లించకండి.